రాత్రి ఊరవతల దించిపోతారు.. తెల్లారేసరికి మంద మీద పడతాయి! వదిలేసిన కుక్కలతో పల్లెలు ఏం చేయాలి? ఏం చేస్తే కేసు?

లింగాల ఘనపూర్ (జనగామ): రాత్రి పది దాటాక ఊరి చివర ఒక ట్రాలీ ఆటో ఆగుతుంది. వెనక డోర్ తీస్తారు. ఐదో ఆరో కుక్కలు కిందకి దూకుతాయి. ఆటో లైట్లు ఆర్పుకుని వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది. తెల్లారి పత్తి చేనుకు పోయే కూలీలకు, మందను తోలుకుపోయే గొర్లకాపరికి దారిలో ఎప్పుడూ చూడని కుక్కలు కనిపిస్తాయి. "ఇవి మా ఊరివి కావు" అని అందరికీ తెలుసు. ఏ ఊరివో మాత్రం ఎవరూ చెప్పలేరు.

తెలంగాణ పల్లెల్లో చాలా మందికి ఈ సీన్ కొత్త కాదు. టౌన్‌లో పట్టుకున్న కుక్కల్ని పల్లెలో వదలడం, ఒక ఊరి కుక్కల్ని పక్క ఊరి శివారులో దించడం, పెంచుకున్న కుక్క ముసలిదైతే హైవే పక్కన వదిలేయడం.. ఇదంతా ఏళ్ల నుంచి నడుస్తోంది. లింగాల ఘనపూర్ లాంటి మండలాన్నే తీసుకోండి. వరి, పత్తి, గొర్లు, బర్లు. ఇళ్లకు దూరంగా బావుల దగ్గర దొడ్లు. జనగామ టౌన్ పక్కనే. నెల్లుట్ల మీదుగా సూర్యాపేట వైపు పోయే రోడ్డు. కుక్కల్ని దించి పోవాలనుకునేవాడికి కావాల్సినవన్నీ ఇక్కడ ఉన్నాయి: రోడ్డు, చీకటి, చుట్టూ చేలు.

మరి వదిలేసిన కుక్కలు ఏమవుతాయి? వాటిని ఏం చేయాలి? ఏం చేస్తే పోలీస్ కేసు అవుతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

■ అసలు వదిలేది ఎవరు?

ప్రధానంగా నాలుగు రకాల వాళ్లు.

మొదటి రకం, టౌన్‌లో కుక్కలు పట్టేవాళ్లు. కాలనీ వాళ్లు కంప్లైంట్ చేస్తారు. పట్టుకుపోయామని చూపించాలి. ఆపరేషన్ చేయించి, టీకా వేయించి, మళ్లీ అదే వీధిలో వదలాలంటే ఖర్చు, టైమ్ రెండూ అవుతాయి. అందుకని సులువైన దారి.. ఊరవతల దించడం.

రెండో రకం, పెంచుకునేవాళ్లు. పిల్లలు ముచ్చటపడ్డారని కొంటారు. అది పెద్దదయ్యాక తిండి ఖర్చు, జబ్బు చేస్తే మందుల ఖర్చు, ఇల్లు మారితే ఓనర్ ఒప్పుకోకపోవడం. చివరికి "పొలాల దగ్గర ఎలాగోలా బతుకుతుందిలే" అని వదిలేస్తారు. ఇంట్లో గిన్నెలో తినడం అలవాటైన కుక్క చేలల్లో బతకడం చాలా కష్టం.

మూడో రకం, పక్క ఊళ్ల వాళ్లు. వాళ్ల ఊళ్లో ఎవరినో కుక్క కరిచింది. ఊరంతా కలిసి నాలుగు కుక్కల్ని పట్టి మన శివారులో దించారు. నెల తర్వాత మనవాళ్లూ అదే పని చేశారు. కుక్కల సంఖ్య తగ్గలేదు, ఊళ్లు మారాయంతే.

నాలుగో రకం గురించి పెద్దగా మాట్లాడుకోం. కోళ్ల ఫారాలు, తోటలు, ఫామ్‌హౌస్‌ల దగ్గర కాపలాకు కుక్కల్ని పెంచుతారు. షెడ్డు మూతపడినా, కౌలు అయిపోయినా మనుషులు సామాను సర్దుకుని వెళ్లిపోతారు. కుక్కలు అక్కడే ఉండిపోతాయి.

■ ఊర కుక్క వేరు.. దించిన కుక్క వేరు

ఇక్కడే అసలు విషయం ఉంది. ఊళ్లో పుట్టి పెరిగిన కుక్కకు మనుషులు తెలుసు. ఏ ఇంటి ముందు అన్నం పెడతారో, ఎవరు కర్ర తీస్తారో తెలుసు. దానికి ఒక వాడ ఉంటుంది. గొర్ల మంద రోజూ అదే దారిన పోతుంటే దానికీ అలవాటే.

దించిన కుక్కకు ఇవేవీ ఉండవు. ఊళ్లోకి పోదామంటే అక్కడి కుక్కలు తరిమి కరుస్తాయి. దాంతో ఊరి బయటే ఉండిపోతుంది. అలాంటివే నాలుగైదు కలిస్తే గుంపు తయారవుతుంది. ఊరి బయట వాటికి దొరికే తిండి ఏంటి? చికెన్ షాపుల వాళ్లు పారేసిన వ్యర్థాలు, ఫారాల బయట పడేసిన చచ్చిన కోళ్లు, వాగులో పడేసిన పశువుల కళేబరాలు. ఇవి కూడా దొరకని రోజు కనిపించేది దొడ్లో ఉన్న గొర్రెపిల్ల, మేకపిల్ల, బావి కాడ కట్టేసిన లేగదూడ.

ఇంకో ప్రమాదం రేబిస్. కొత్త కుక్కలు, పాత కుక్కలు కొట్లాడుకుని కరుచుకుంటాయి. రేబిస్ వైరస్ ఉండేది లాలాజలంలో. బయటి నుంచి వచ్చిన వాటిలో ఒక్కదానికి ఆ జబ్బు ఉన్నా, ఒక్క కొట్లాటతో ఊర కుక్కలకు అంటుకుంటుంది. అంటే కుక్కను దించి పోయినవాడు ఆ ఊరికి జబ్బును కూడా దించి పోయినట్టే.

■ నష్టం ఎవరికి?

లెక్క వేద్దాం. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఎక్కువ గొర్రెలు ఉన్న రాష్ట్రం తెలంగాణ. సంఖ్య దాదాపు 1.90 కోట్లు. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక యూనిట్ అంటే 20 గొర్రెలు, 1 పొట్టేలు. అప్పట్లో యూనిట్ ధర 1.25 లక్షలు. ఆ పాత ధర ప్రకారం చూసినా ఒక్కో జీవం దాదాపు 6 వేల రూపాయలు. ఇప్పుడు సంతలో ధర అంతకన్నా ఎక్కువే.

గుంపుగా వచ్చిన కుక్కలు ఒక్క గొర్రెను పట్టుకుని తిని పోవు. దొడ్లో జీవాలు బెదిరి పరుగెత్తుతుంటే కుక్కలు ఇంకా రెచ్చిపోతాయి. అందిన దాన్నల్లా కరిచి పడేస్తాయి. తినేది ఒకటి, చంపేది పది. పది జీవాలు పోతే పాత ధరకే 60 వేలు పోయినట్టు. అక్కడితో అయిపోదు. చూలు గొర్రెలు బెదిరి ఈసుకుపోవచ్చు. గాయపడినవాటికి మందులు కొనాలి. ఆ రాత్రి నుంచి కాపరి దొడ్డి దగ్గరే పడుకోవాలి.

మనుషుల సంగతి చూస్తే.. పొద్దున్నే చీకట్లో నాట్లకు, పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు, నీళ్లు పెట్టడానికి రాత్రిపూట మోటరు దగ్గరికి పోయే రైతు, స్కూల్ బస్సు కోసం ఊరి స్టేజీ దగ్గర నిలబడే పిల్లలు, రాత్రి బైక్ మీద ఇంటికి వచ్చేవాళ్లు.. వీళ్లందరికీ భయమే. దేశం మొత్తం మీద 2024లో నమోదైన కుక్కకాట్లు 37 లక్షలకు పైనే అని కేంద్రమే పార్లమెంట్‌లో చెప్పింది.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు, అదే ఏడాది మేలో కాజీపేటలో ఎనిమిదేళ్ల బాబు కుక్కల దాడిలో చనిపోయారు. ఆ వార్తలు చూసిన ఏ తల్లిదండ్రులకైనా భయం వేస్తుంది. అందులో తప్పేం లేదు. ఆ భయంతో తీసుకునే నిర్ణయాల దగ్గరే చిక్కు వస్తోంది.

■ "సర్పంచ్‌గా గెలిస్తే కుక్కల బెడద లేకుండా చేస్తా"

2025 డిసెంబర్‌లో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్న ఊళ్లకు మళ్లీ సర్పంచులు వచ్చారు. కోతుల బెడద, కుక్కల బెడద తీరుస్తామన్నది చాలా ఊళ్లలో వినిపించిన హామీ.

నెల తిరగకుండానే మనకు దగ్గర్లోని హనుమకొండ జిల్లా నుంచి ఒక వార్త వచ్చింది. శాయంపేట, ఆరెపల్లి గ్రామాల్లో 2026 జనవరి మొదటి వారంలో దాదాపు 300 కుక్కల్ని విషమిచ్చి చంపారని జంతు సంరక్షకులు పోలీసులకు ఫిర్యాదు చేశారు. ఇద్దరు సర్పంచులతో సహా తొమ్మిది మందిపై కేసు నమోదైంది. పూడ్చిన కళేబరాలను తవ్వి పోస్టుమార్టం చేశారు. ఆ వెంటనే కామారెడ్డి, రంగారెడ్డి, జగిత్యాల జిల్లాల్లోని ఊళ్ల నుంచి కూడా ఇలాంటి ఆరోపణలే, ఇలాంటి కేసులే బయటికొచ్చాయి. అంతకుముందు 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో 20 కుక్కల్ని తుపాకీతో కాల్చి చంపారు. అందులోనూ అరెస్టులు జరిగాయి.

కేసుల్లో తేల్చేది కోర్టులు. కానీ ప్రతి సర్పంచ్, ప్రతి పంచాయతీ కార్యదర్శి ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. గ్రామసభలో అందరూ చప్పట్లు కొట్టి ఒప్పుకున్నా, తీర్మానం పుస్తకంలో రాసుకున్నా, చట్టం ముందు అది చెల్లదు. ఊరు అడిగింది కదా అని చేస్తే, స్టేషన్‌కు వెళ్లాల్సింది ఊరు మొత్తం కాదు.. పేరున్న నలుగురైదుగురే.

■ చంపితే తగ్గుతాయా? తరిమితే తగ్గుతాయా?

చట్టం సంగతి కాసేపు పక్కన పెట్టండి. చంపడం, వేరే చోట దించడం.. ఈ రెండూ అసలు పని చేస్తాయా?

ఒక ఊళ్లో 40 కుక్కలు ఉన్నాయనుకుందాం. అందులో సగం, అంటే 20 ఆడవి. ఆడకుక్క సుమారు 63 రోజులకు ఈనుతుంది. ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు. మనం తక్కువే వేసుకుందాం. ఒక్క ఈత, ఐదు పిల్లలు, అందులో బతికేవి రెండే. అయినా 20 ఆడకుక్కలకు 40 పిల్లలు. అంటే ఏడాదిలో ఊళ్లో కుక్కలు రెట్టింపు.

ఇప్పుడు ఆ 40లో 30 కుక్కల్ని తీసేశారనుకోండి. ఊళ్లో తిండి అంతే ఉంది. చికెన్ షాపు వెనకాల కుప్ప అలాగే ఉంది. తినేవి తగ్గాయి. మిగిలిన పదింటికి కడుపునిండా తిండి, వాటి పిల్లల్లో ఎక్కువ బతుకుతాయి. కాపలా కాసే కుక్కలు లేవు కాబట్టి పక్క ఊరివి లోపలికి వస్తాయి. ఆ వచ్చినవాటికి టీకా ఉందో లేదో తెలీదు. ఏడాది తిరిగేసరికి ఊరు మళ్లీ మొదటికొస్తుంది.

తిండి ఉన్నంత కాలం కుక్కలు ఉంటాయి. పుట్టుక ఆగనంత కాలం పెరుగుతాయి. ఈ రెండింటినీ ముట్టుకోకుండా చేసే ఏ పనైనా డబ్బు దండగే.

■ చట్టం ఏం చెబుతోంది? సింపుల్‌గా..

• కుక్కను చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా: భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325. ఐదేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో జంతువు ధరను బట్టి శిక్ష ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఆ తేడా లేదు. వీధి కుక్క అయినా అంతే.

• పెంపుడు జంతువును ఆకలికి, దాహానికి వదిలేసినా: 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 ప్రకారం నేరం. అయితే మొదటిసారి తప్పు చేస్తే జరిమానా ఎంతో తెలుసా? 10 రూపాయల నుంచి 50 రూపాయలు! అరవై ఏళ్ల కిందటి రేటు ఇంకా మారలేదు. రాత్రిపూట దించి పోయేవాళ్లకు భయం లేకపోవడానికి ఇదీ ఒక కారణం.

• పట్టిన కుక్కల్ని వేరే ఊళ్లో దించితే: 2023 మార్చిలో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు ఒప్పుకోవు. ఈ నిబంధనల్నే ఏబీసీ రూల్స్ అంటారు. పట్టుకున్న కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలి, రేబిస్ టీకా వేయాలి, గుర్తుకు చెవికి చిన్న గాటు పెట్టాలి. ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలాలి. ఈ బాధ్యత స్థానిక సంస్థలది. అంటే టౌన్‌లో మున్సిపాలిటీది, ఊళ్లో పంచాయతీది.

• ఆపరేషన్లు ఎవరు పడితే వాళ్లు చేయకూడదు. జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉన్న సంస్థలే చేయాలి.

• పెంచుకునే కుక్కకు టీకా, ఆపరేషన్ బాధ్యత పూర్తిగా ఓనర్‌దే.

■ "సుప్రీంకోర్టు తీసేయమంది కదా?"

వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువగా తిరిగే డౌట్ ఇదే. క్లియర్‌గా చూద్దాం.

2025 ఆగస్టు 11న ఇద్దరు జడ్జిల బెంచ్ ఢిల్లీ పరిసరాల్లోని వీధి కుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించమంది. అది ఢిల్లీ ప్రాంతానికి ఇచ్చిన ఆర్డర్. ఆగస్టు 22న ముగ్గురు జడ్జిల బెంచ్ దాన్ని మార్చింది. ఆపరేషన్ చేసి, టీకా వేసి పట్టుకున్న చోటే వదలండి, రేబిస్ ఉన్నవాటిని, రేబిస్ అనుమానం ఉన్నవాటిని, మనుషుల మీద పడి కరిచే స్వభావం ఉన్నవాటిని మాత్రం వదలకండి అని చెప్పింది. కేసు పరిధిని అన్ని రాష్ట్రాలకూ పెంచింది.

తర్వాత 2025 నవంబర్ 7న ఇంకో ఆర్డర్ వచ్చింది. స్కూళ్లు, కాలేజీలు, ఆస్పత్రులు, స్టేడియాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో ఉన్న కుక్కల్ని తీసి, ఆపరేషన్, టీకా తర్వాత షెల్టర్‌లో ఉంచాలి, మళ్లీ అక్కడే వదలకూడదు అని. అంటే మన ఊరి బడి, పీహెచ్‌సీ ఆవరణలో కుక్కలుంటే వాటిని తీయించమని అడిగే హక్కు మీకు ఉంది.

ఈ ఆర్డర్లలో ఎక్కడా "చంపండి" అని లేదు. "పక్క ఊళ్లో దించండి" అని అసలే లేదు.

■ మరి పంచాయతీ ఏం చేయాలి?

1. ముందు లెక్క తీయండి. పొద్దున్నే ఐదున్నరకు ఇద్దరు వాడవాడా తిరిగితే ఒక్క రోజులో తేలిపోతుంది. మొత్తం ఎన్ని, ఆడవి ఎన్ని, చెవికి గాటు ఉన్నవి ఎన్ని, ఊరి బయట ఉండే గుంపులు ఎన్ని. ఈ కాగితం లేకుండా ఏ ఆఫీసుకు వెళ్లినా "చూద్దాం" అనే సమాధానమే వస్తుంది.

2. తిండి కుప్పల్ని మూసేయండి. ఇది పంచాయతీ చేతిలో ఉన్న పని, ఎవరి పర్మిషన్ అక్కర్లేదు. చికెన్, మటన్ షాపుల వ్యర్థాలు, చచ్చిన కోళ్లు, పశువుల కళేబరాలు.. గుంత తీసి, సున్నం చల్లి, లోతుగా పూడ్చాలి. వాగులో, చెరువు కట్ట మీద, రోడ్డు పక్కన పారేస్తే నోటీసు ఇవ్వండి. ఫంక్షన్లు, జాతరలు అయ్యాక మిగిలిన అన్నం, బొక్కలు కూడా అంతే.

3. ఆపరేషన్‌కు ముందే టీకా మొదలుపెట్టొచ్చు. ఆపరేషన్‌కు సెంటర్ కావాలి, డాక్టర్ కావాలి, రోజులు పడతాయి. రేబిస్ టీకాకు అంత అక్కర్లేదు. పశువైద్యాధికారితో మాట్లాడి ఊళ్లో క్యాంపు పెట్టించుకోవచ్చు. ఊరి కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే రేబిస్ వ్యాప్తి ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన లెక్కలో 40 కుక్కలకు 28 అన్నమాట. అందని టార్గెట్ ఏం కాదు.

4. ఆపరేషన్‌కు ఒక్క ఊరుగా పోవద్దు, మండలంగా పోండి. ఏ చిన్న పంచాయతీ సొంతంగా సెంటర్ కట్టలేదు, కట్టాల్సిన పని కూడా లేదు. వరంగల్ నగరపాలక సంస్థ చింతగట్టు దగ్గర కుక్కల ఆపరేషన్ కేంద్రం పెట్టింది. అలాంటిది జిల్లాకొకటి ఉండి, ఒక్కో వారం ఒక్కో మండలం వంతు పెడితే పని జరుగుతుంది. లింగాల ఘనపూర్ మండలంలోని పంచాయతీలన్నీ ఒకే తీర్మానం చేసి కలెక్టర్‌కు, జిల్లా పంచాయతీ అధికారికి ఇస్తే, ఒక్క సర్పంచ్ ఇచ్చే అర్జీ కన్నా బరువుంటుంది. కేంద్రం తరఫున ఒక్కో కుక్కకు 800 రూపాయల సాయం ఇచ్చే పథకం కూడా ఉంది. దాన్ని కూడా అడగండి.

5. ఊరి బయటి గుంపులతో మొదలుపెట్టండి. మనుషులు, జీవాల మీద పడేవి ఎక్కువగా అవే. ఊళ్లో అందరికీ అలవాటైన కుక్కల్ని ముందు పట్టుకుపోయి గుంపుల్ని వదిలేస్తే ఫలితం కనిపించదు. ఆడవాటికి ముందు ప్రాధాన్యం ఇవ్వాలి. ఆరు నెలల లోపు పిల్లలకు, పాలిచ్చే తల్లులకు అప్పుడే ఆపరేషన్ చేయరు.

6. దించేవాళ్లను పట్టుకోండి. ఊరి ఎంట్రన్స్‌లో సీసీ కెమెరా ఉంటే రాత్రి వచ్చిన బండి నంబర్ దొరుకుతుంది. ఫోన్‌లో వీడియో తీయండి, బండి నంబర్, టైమ్, చోటు రాసుకోండి, పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. బండి టౌన్ నుంచి వచ్చిందని తేలితే మున్సిపల్ కమిషనర్‌కు, కలెక్టర్‌కు కాపీ ఇవ్వండి. బండిలో ఉన్నవాళ్లను కొట్టకండి. అప్పుడు కేసు మీ మీదకే తిరుగుతుంది.

■ రైతులు, గొర్లకాపరులు ఏం చేయొచ్చు?

సర్కారు కదిలే వరకు మంద ఆగదు కదా. ఈలోపు చేతిలో ఉన్న పనులు ఇవి.

• దొడ్డికి వల, తడక కింది వరకు దిగేలా కట్టండి. కుక్కలు ఎక్కువగా పైనుంచి దూకవు, కింద సందులోంచి దూరతాయి, లేదా తవ్వుకుని వస్తాయి. అడుగున చుట్టూ ముళ్లకంప గానీ రాళ్లు గానీ వేయండి.

• పిల్లల్ని, చూలు గొర్రెల్ని దొడ్డి మధ్యలో వేరే గూటిలో పెట్టండి.

• ఒక లైట్ పెట్టండి. కరెంట్ లేని చోట సోలార్ లైట్ అయినా పనికొస్తుంది.

• మాయను, చచ్చిన పిల్లను దొడ్డి పక్కన పడేయొద్దు. ఆ వాసనకే కుక్కలు మొదటిసారి వస్తాయి. దారి తెలిశాక మళ్లీ మళ్లీ వస్తాయి.

• మంద వెంట సొంత కుక్క ఉంటే దానికి టీకా, ఆపరేషన్ చేయించండి. టీకా ఉన్న మీ కుక్క మీ మందకు మొదటి కాపలా.

• దాడి జరిగితే కళేబరాల్ని వెంటనే పూడ్చేయకండి. ముందు ఫొటోలు, వీడియో తీయండి. చెవి ట్యాగులు కనిపించేలా తీయండి. పశువైద్యుణ్ని పిలిచి పోస్టుమార్టం రిపోర్ట్ తీసుకోండి. ఇన్సూరెన్స్‌కైనా, సాయం కోసం అర్జీకైనా ఆ కాగితమే ఆధారం. గాయపడ్డ జీవాలకు ట్రీట్‌మెంట్ కోసం 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల బండి వస్తుంది.

• ఇన్సూరెన్స్ గురించి అడగండి. నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో 2024లో మార్పులు చేశారు. ప్రీమియంలో రైతు వాటా 15 శాతమే. ఒక రైతు పది యూనిట్ల వరకు చేయించుకోవచ్చు. గొర్రెలు, మేకలైతే పదింటిని ఒక యూనిట్‌గా లెక్కిస్తారు, అంటే 100 జీవాల వరకు. చేయించే ముందు కుక్కల దాడిలో చనిపోతే వర్తిస్తుందా లేదా అని పాలసీ కాగితంలో చూపించమని అడగండి.

■ బర్రెను, ఆవును కుక్క కరిస్తే జాగ్రత్త!

ఇది చాలా మందికి తెలీదు. రేబిస్ మనుషులకే కాదు, పశువులకూ వస్తుంది. రేబిస్ వచ్చిన బర్రెకు చొంగ కారుతుంది, గొంతు పట్టేస్తుంది, మేత మింగలేదు, వింతగా అరుస్తుంది. చూసేవాళ్లకు గొంతులో ఏదో ఇరుక్కుందనిపిస్తుంది. అలా అనుకుని నోట్లో చేయి పెట్టి చూస్తే.. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు, ప్రమాదమే. ఇలాంటి లక్షణాలు కనిపిస్తే నోట్లో చేయి పెట్టొద్దు, పశువును వేరుగా కట్టేసి డాక్టర్‌ను పిలవండి. దాని పచ్చిపాలు తాగొద్దు. పశువును కుక్క కరిచిన రోజే పుండును సబ్బుతో కడిగి డాక్టర్‌కు చూపిస్తే, పశువుకు కూడా టీకాల కోర్సు ఉంది.

■ మనిషిని కరిస్తే.. మొదటి 15 నిమిషాలు

రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మందు లేదు. అంతకుముందు మాత్రం పూర్తిగా ఆపొచ్చు. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో 36 శాతం మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీటిలో చాలా వరకు టైమ్‌కి టీకా పడకపోవడం వల్లే.

• కరిచిన చోట వెంటనే పారే నీళ్లు, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పొలంలో ఉంటే మోటరు నీళ్లైనా సరే. ఏ సబ్బైనా సరే.

• పసుపు, కారం, సున్నం, ఆకు పసరు పెట్టొద్దు. గట్టిగా కట్టు కట్టొద్దు.

• అదే రోజు పీహెచ్‌సీకి వెళ్లండి. టీకా ఫ్రీ. చేతికి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అనేది పాత మాట, ఇప్పుడు లేదు.

• రక్తం వచ్చేలా కరిస్తే టీకా ఒక్కటే చాలదు. పుండు దగ్గర ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి. పీహెచ్‌సీలో లేకపోతే జిల్లా ఆస్పత్రికి రాసిమ్మని అడగండి.

• కోర్సు మధ్యలో ఆపొద్దు. పత్తి ఏరుడు సీజన్‌లో కూలి పోతుందని మూడో సూది, నాలుగో సూది ఎగ్గొట్టేవాళ్లు ఉంటారు. అలా చేయడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే.

• పిల్లలు భయంతో ఇంట్లో చెప్పరు. చిన్న గీత పడినా చెప్పమని ముందే చెప్పి ఉంచండి.

■ చివరగా..

2030 నాటికి కుక్కల వల్ల వచ్చే రేబిస్‌ను దేశంలో లేకుండా చేయాలని కేంద్రం 2021లో యాక్షన్ ప్లాన్ ప్రకటించింది. ఆ టార్గెట్ ఢిల్లీలో కాదు, ఇలాంటి ఊళ్లలోనే పూర్తి కావాలి. నవాబుపేటలో దించిన కుక్క నెల్లుట్లకు నడిచి వస్తుంది. నెల్లుట్లలో దించింది జీడికల్‌కు వెళ్తుంది. మధ్యలో ఎవరి మందో పోతుంది, ఎవరి పిల్లాడో సూదులు వేయించుకుంటాడు. కుక్కను బండి ఎక్కించడానికి పెట్టే డీజిల్ ఖర్చును టీకా మీద పెడితే, కనీసం రేబిస్ అయినా ఆ ఊళ్లోకి రాకుండా ఉంటుంది.

మీ ఊరి శివారులో కుక్కల్ని దించి పోతుంటే వీడియో, బండి నంబర్ దగ్గర పెట్టుకుని పోలీసులకు, పంచాయతీకి చెప్పండి. ఈ స్టోరీని మీ ఊరి వాట్సాప్ గ్రూపులో షేర్ చేయండి.

ఈ నంబర్లు సేవ్ చేసుకోండి: పశువులకు 1962. అంబులెన్స్‌కు 108. పోలీసులకు 100.